హింస ఆగిపోయాక మిగిలే పని: 'పర్పుల్ హైబిస్కస్'లో కంబిలి

గృహహింస మీద మనం రాసుకున్న కథలన్నీ ఒకచోట పెట్టి చూస్తే దాదాపు ప్రతి కథలోనూ ఓ మూల ఒక పిల్ల ఉంటుంది. అమ్మ కొంగు పట్టుకునో, పక్కగదిలో దుప్పటి ముసుగుపెట్టుకునో, పుస్తకం తెరిచి ఒక్క అక్షరమూ చదవకుండానో ఉంటుంది. చాలాసార్లు ఆ పిల్లకి పేరుండదు. 'పిల్లలు' అనే బహువచనంలో కలిసిపోతుంది. అమ్మ ఎందుకు భరించిందో చెప్పడానికి కారణంగానో, ఎందుకు గడప దాటిందో చెప్పడానికి కారణంగానో కథలోకి వచ్చి వెళ్తుంది.

ఇందులో ఆశ్చర్యం లేదు. నాలుగు గోడల మధ్య జరిగేది రాజకీయ విషయమేనని ఒప్పించడానికే తెలుగులో స్త్రీవాదం ఎంతో శ్రమ పడాల్సి వచ్చింది. ఓల్గా 'స్వేచ్ఛ' 1987లో వచ్చినప్పుడూ, 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వచ్చినప్పుడూ ఎదురైన వాదవివాదాలు మనకి తెలిసినవే. భార్య గొంతుకి చోటు సంపాదించుకోవడం ఆనాటి అవసరం. ఆ చోటు దొరికాక ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. కొట్టేవాడు పోయాక, లేదా అతన్ని వదిలి బయటికి వచ్చాక, ఆ మూలనున్న పదిహేనేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? కథలు ముగిసేది సరిగ్గా అక్కడే గనక ఆ తర్వాతి జీవితం మన సాహిత్యంలో చాలా తక్కువగా నమోదయింది.

చిమమాండా ఎన్‌గోజీ అడీచీ మొదటి నవల 'పర్పుల్ హైబిస్కస్' ఈ ప్రశ్నని తీసుకున్న అరుదైన నవలల్లో ఒకటి. 2003లో, రచయిత్రికి ఇరవై ఆరేళ్ళప్పుడు వచ్చింది. 2005లో ఉత్తమ తొలి రచనగా కామన్వెల్త్ బహుమతి పొందింది. మన విశ్వవిద్యాలయాల్లో వలసానంతర సాహిత్యం చదివేవాళ్ళకి పరిచయమైన పుస్తకమే. అయితే దీన్ని బోధించేటప్పుడూ, దీని మీద వ్యాసాలు రాసేటప్పుడూ మనం ఎక్కువగా వాడే సూత్రం ఒకటుంది: 'మౌనం నుంచి మాటలోకి'. ఈ నవలని ఆ సూత్రంలో ఇమిడ్చితే కంబిలికి అన్యాయం చేసినట్టవుతుందని నా అభిప్రాయం.

ముందు కథ క్లుప్తంగా. నైజీరియాలోని ఎనుగు నగరంలో కంబిలి తండ్రి యూజీన్ పెద్ద ధనవంతుడు. ఫ్యాక్టరీలున్నాయి. సైనిక పాలనని ధైర్యంగా విమర్శించే పత్రిక ఉంది. చర్చిలో పాదిరీ ఉపన్యాసంలో ఆదర్శంగా చెప్పేది ఆయన పేరే. ఎవరికి ఆపద వచ్చినా డబ్బిస్తాడు. అదే మనిషి ఇంట్లో భార్య బియాట్రిస్‌ని కొట్టి గర్భస్రావాలకి కారణమవుతాడు. కొడుకు జాజాకి పదేళ్ళప్పుడు మతపాఠంలో రెండు ప్రశ్నలకి జవాబు తప్పాడని ఎడమచేతి చిటికెనవేలు పాడుచేస్తాడు. తన సొంత తండ్రి క్రైస్తవం పుచ్చుకోలేదని ఆయన్ని గుమ్మం తొక్కనివ్వడు. ఆ తాత ఉన్న ఇంట్లో కంబిలి కొన్నాళ్ళు ఉండి, ఆ సంగతి తండ్రికి చెప్పలేదు. అందుకు శిక్షగా ఆమెని స్నానాల తొట్టిలో నిలబెట్టి పాదాల మీద మరిగే నీళ్ళు పోస్తాడు. పోస్తూ ఏడుస్తాడు.

యూజీన్ చెల్లెలు, అంటే కంబిలి మేనత్త ఇఫియోమా, న్సుకా విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలు. భర్త చనిపోయాక ముగ్గురు పిల్లల్ని ఒంటరిగా పెంచుతోంది. ఆ ఇంట్లో తిండికి కటకట, పెట్రోలుకి కటకట, కానీ నవ్వుకీ వాదనకీ కొదవలేదు. కంబిలి, జాజా కొన్నాళ్ళు అక్కడ గడుపుతారు. ఆ తర్వాత వాళ్ళు ఎనుగు ఇంట్లో మునుపటిలా ఉండలేకపోతారు. చివరికి బియాట్రిస్ భర్త తాగే టీలో విషం కలుపుతుంది. నేరం తనదేనని చెప్పి జాజా జైలుకి వెళ్తాడు.

ఈ కథలో హింస ఎలా పనిచేస్తుందో గమనిస్తే తప్ప, ఆ తర్వాత కంబిలి ఎదుర్కొనేది ఏమిటో అర్థం కాదు. ఇక్కడ దెబ్బ ఒక్కటే రాదు. టైంటేబుల్‌తో వస్తుంది, ప్రార్థనతో వస్తుంది, ప్రేమతో వస్తుంది. పిల్లలు ఏ గంటకి చదవాలో, ఎప్పుడు నిద్రపోవాలో, ఎంతసేపు కుటుంబంతో గడపాలో యూజీన్ కాగితం మీద గీతలు గీసి, గదిలో గోడకి అంటిస్తాడు. తరగతిలో రెండో స్థానం వస్తే మొదటి స్థానం వచ్చిన అమ్మాయికి రెండు తలలున్నాయా అన్న ధోరణిలో నిలదీస్తాడు. ఒక ఆదివారం నెలసరి నొప్పితో కంబిలి మెలికలు తిరుగుతుంటే, మాత్ర వేసుకోవడం కోసం పూజకి ముందు అటుకుల్లాంటి ఫలహారం తింటుంది. ఉపవాస నియమం తప్పిందని బెల్టు తీస్తాడు. కూతుర్నే కాదు, తినమన్న తల్లినీ, తప్పు తన మీద వేసుకున్న జాజానీ కొడతాడు. కొట్టాక దగ్గరికి తీసుకుని, దెబ్బ గట్టిగా తగిలిందా అని అడుగుతాడు.

'నీ మంచికే' అన్న మాట మనకి కొత్తది కాదు. 'మొక్కై వంగనిది మానై వంగునా', 'దండం దశగుణం భవేత్' అని పెద్దలు చెప్పే ఇళ్ళలోనే మనమూ పెరిగాం. చలం 'బిడ్డల శిక్షణ'లో పిల్లల మీద పెద్దల అధికారాన్ని నిలదీసి ఎన్నో దశాబ్దాలు గడిచాయి. ఇప్పటికీ భార్యని కొట్టడం తప్పని ఒప్పుకునేవాళ్ళు కూడా పిల్లని కొట్టడాన్ని క్రమశిక్షణ ఖాతాలో వేస్తారు. అడీచీ ఈ రెండింటినీ విడదీయదు. ఒకే చెయ్యి, ఒకే బెల్టు, ఒకే కన్నీళ్ళు.

ఇంకో ముఖ్యమైన వివరం టీ. యూజీన్ తన కప్పులోంచి మొదటి గుక్క పిల్లలకిస్తాడు. ప్రేమించేవాళ్ళతో పంచుకునే గుక్క అని దానికి పేరు. టీ పొగలు కక్కుతూ ఉంటుంది. నాలుక కాలుతుంది. మధ్యాహ్నం భోజనంలో కారం తగిలితే ఆ కాలిన నాలుక మండుతుంది. అయినా కంబిలి ఆ గుక్క కోసం ఎదురుచూస్తుంది. నాలుక కాలడమే తండ్రి ప్రేమ తనలోకి దిగుతున్న గుర్తు ఆమెకి. హింసని ప్రేమ భాషలోనే నేర్చుకున్న పిల్ల ఆమె.

ఇక మాట సంగతి. కంబిలి బడిలో ఎవరితోనూ మాట్లాడదు. గంట కొట్టగానే కారు దగ్గరికి పరిగెడుతుంది. ఆలస్యమైతే తండ్రికి తెలుస్తుందన్న భయం ఆమెది. తోటిపిల్లలు మాత్రం ఆమెకి డబ్బున్నదన్న పొగరని పేరు పెడతారు. హింస అనుభవిస్తున్న పిల్లలు బయటికి పొగరుబోతుల్లానో, మందమతుల్లానో, మరీ బుద్ధిమంతుల్లానో కనిపించడం టీచర్లకి తెలియాల్సిన విషయం. ఎవరైనా పలకరిస్తే కంబిలికి మాట గొంతులో అడ్డం పడుతుంది. లోపల ఒక వాక్యం తయారవుతుంది, బయటికి వేరొకటి వస్తుంది, లేదంటే దగ్గు వస్తుంది.

న్సుకాలో ఇది ఎలా మారుతుందో చూడండి. ఇఫియోమా ముందు ఆ టైంటేబుళ్ళు తీసేసుకుంటుంది. మేనత్త కూతురు అమాకా, కంబిలి వయసుదే, ఈమెని ఎద్దేవా చేస్తూ ఉంటుంది. ఒకరోజు కూరకి ఓరా ఆకులు దూయాల్సి వస్తే, డబ్బున్న ఇళ్ళలో ఈ పనులు రావు కాబోలని దెప్పుతుంది. ఇఫియోమా మేనకోడలి తరఫున జవాబు చెప్పదు. నీకు నోరు లేదా, తిరిగి జవాబు చెప్పమని కంబిలి మీదే కేకలేస్తుంది. అప్పుడు కంబిలి అమాకాతో, అరవాల్సిన పనిలేదనీ తనకి రాదు గనక చూపించమనీ అంటుంది. అమాకా నవ్వేస్తుంది. మహా ప్రకటన ఏదీ జరగలేదు. ఆకులు దూయడం నేర్పమని అడగడం మాత్రమే జరిగింది. ఆ తర్వాత మైదానంలో పరిగెత్తడం, తన నవ్వు ఎలా ఉంటుందో తనకే మొదటిసారి వినిపించడం, జడలు అల్లించుకోవడం, పెదవులకి రంగు వేసుకుని తుడిచేసుకోవడం.

అంటే కంబిలి కోలుకోవడం శరీరంతో మొదలవుతుంది. ఆమె ఎక్కడా కూర్చుని తన మీద జరిగిన హింసని పూర్తిగా ఎవరికీ చెప్పుకోదు. ఫాదర్ అమాదీ అడుగుతాడు, మేనత్త అడుగుతుంది. ఆమె తల ఊపుతుంది, కొన్నిసార్లు అదీ చెయ్యదు. మాట వచ్చాక కూడా ఆ విషయం మీద మాట రాదు.

ఇక్కడే 'మౌనం నుంచి మాటలోకి' అనే సూత్రం సరిపోవడం లేదు. ఆ సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో మనకి తెలుసు. మాయా ఏంజెలో 1969లో ప్రచురించిన ఆత్మకథ మొదటి సంపుటంలో, ఎనిమిదేళ్ళ వయసులో తల్లి స్నేహితుడి అత్యాచారానికి గురైన పిల్ల, ఆ మనిషి హత్యకి గురయ్యాక, తన నోటిమాటే అతన్ని చంపిందనుకుని ఏళ్ళ తరబడి మాట్లాడటం మానేస్తుంది. బెర్తా ఫ్లవర్స్ అనే ఆమె సాహిత్యాన్ని పైకి చదివించి మాట తిరిగి తెప్పిస్తుంది. 1996లో వచ్చిన శఫైర్ నవల 'పుష్'లో హార్లెంలోని పదహారేళ్ళ ప్రెషస్, తల్లిదండ్రులిద్దరి హింసనీ దాటి, అక్షరాలు నేర్చుకుని, నోటుపుస్తకంలో తన కథ తనే రాసుకుంటుంది. ఇవి రెండూ గొప్ప పుస్తకాలు. అణచివేతకి గురైనవాళ్ళు భాషని చేజిక్కించుకోవడం చిన్న విజయం కాదు. కానీ ఈ పుస్తకాలనుంచి మనం తీసుకున్న సూత్రం క్రమంగా షరతుగా మారింది. బాధితురాలు మాట్లాడితేనే కోలుకున్నట్టు, బయటపెడితేనే ధైర్యవంతురాలైనట్టు, తండ్రిని అసహ్యించుకుంటేనే చైతన్యం వచ్చినట్టు మనం చదవడం మొదలుపెట్టాం. సదస్సుల్లోనూ, సహాయ కేంద్రాల్లోనూ ఆ పిల్లల దగ్గర అదే ఆశిస్తున్నాం.

కంబిలి ఈ షరతుల్లో ఏదీ పూర్తిగా నెరవేర్చదు. తండ్రి చనిపోయాడన్న వార్త వచ్చినప్పుడు ఆమెకి ఊరట కలగదు. ఆయన చావగలడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తర్వాత తల్లి, తనే టీలో విషం కలిపానని మామూలు గొంతుతో చెప్తుంది. ఆ క్షణంలో కంబిలి అడిగే ప్రశ్న నవలకి గుండెకాయ లాంటిదని నాకనిపిస్తుంది. ఎందుకు చంపావని ఆమె అడగదు. టీలో ఎందుకు వేశావని అడుగుతుంది. అరుస్తుంది. గొంతు పెగలని పిల్ల నవల మొత్తంలో ఇంత గట్టిగా అరిచేది ఇక్కడే. తల్లిని పట్టుకుని కుదిపేస్తుంది. జాజా వచ్చి ఆమెని దగ్గరికి తీసుకోవాల్సి వస్తుంది.

మాటలోకి రావడమే విముక్తి అయితే, ఈ అరుపుని ఏమనాలి? హింసించినవాడి తరఫున, హింసనుంచి తప్పించిన తల్లి మీద వచ్చిన అరుపు ఇది. సూత్రం ప్రకారం చదివేవాళ్ళు ఈ వాక్యాన్ని గబగబా దాటేస్తారు, లేదా పితృస్వామ్య భావజాలం ఆమెలో ఎంతగా జీర్ణమైందో చూపే ఉదాహరణగా పేర్కొంటారు. ఆ రెండో మాటలో కొంత నిజముంది. కానీ టీ గుక్క అంటే కంబిలికి ఏమిటో ఇంతకుముందు చూశాం. ఆమెకి తండ్రి ప్రేమ దొరికిన ఒకే ఒక చోటు ఆ కప్పు. చావు అక్కడికి రావడం అంటే ఆమె బాల్యంలో మిగుల్చుకోగలిగిన ఒక్క జ్ఞాపకం కూడా విషమైపోవడం. ఆమె దుఃఖం దాని గురించి. తండ్రి మంచివాడని ఆ ప్రశ్న అనడం లేదు. తల్లి తప్పు చేసిందనీ అనడం లేదు. నాకు ఇక మిగిలిందేమిటని అడుగుతోంది.

హింస తర్వాతి జీవితం గురించి పనిచేసిన మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో రాసిన 'ట్రామా అండ్ రికవరీ'లో కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పింది. మొదటిది భద్రత. రెండోది గుర్తుచేసుకుని దుఃఖించడం. మూడోది మళ్ళీ మామూలు జీవితంతో, మనుషులతో కలవడం. మనం రెండో దశలో 'గుర్తుచేసుకోవడాన్ని' పట్టుకుని 'దుఃఖించడాన్ని' వదిలేశాం. సాక్ష్యం కావాలి మనకి, శోకం అక్కర్లేదు. కొట్టిన తండ్రి కోసం ఏడ్చే కూతురు మన ఉద్యమ సాహిత్యంలో ఇబ్బందికరమైన మనిషి. అడీచీ ఆ ఇబ్బందిని దాచలేదు. నవల చివరికి వచ్చేసరికి కూడా కంబిలి ప్రతి ఆదివారం తండ్రి ఆత్మశాంతి కోసం పూజ చేయిస్తుంది. ఆయన కలలోకి రావాలని కోరుకుంటుంది. రాకపోతే తనే కల కల్పించుకుంటుంది. అదే సమయంలో, ఆయన బతికున్నప్పటి ఇంటి మౌనం ఆమెకి పీడకలల్లో తిరిగొస్తుంది. రెండూ ఒకే మనసులో ఉంటాయి. ఏదో ఒకటి నిజమని తేల్చమని రచయిత్రి ఆమెని ఒత్తిడి చెయ్యదు.

ఈ నవలని దేశానికి ప్రతీకగా చదివే పద్ధతి ఒకటి ఉంది. యూజీన్ ఇల్లు నైజీరియా, ఆయన నియంత, పిల్లలు పౌరులు. దానికి ఆధారాలు లేకపోలేదు. పత్రికా సంపాదకుడు అడె కోకర్ పార్సిల్ బాంబుకి బలి కావడం, 1986లో అదే విధంగా హత్యకి గురైన పాత్రికేయుడు డేలే గివాని గుర్తుచేస్తుంది. వలసవాద చరిత్ర కూడా ఇంట్లోనే ఉంది. కూతురి కాళ్ళ మీద నీళ్ళు పోసిన యూజీన్, తన చిన్నప్పుడు ఒక పాదిరీ తన చేతుల్ని వేడినీళ్ళలో ముంచి ఎలా శిక్షించాడో ఆమెకి చెప్తాడు. అది తన మంచికే జరిగిందని నమ్ముతాడు. మిషన్ బడిలో నేర్చుకున్న శిక్ష రెండు తరాలు దాటి ఒక ఆడపిల్ల పాదాల దాకా వచ్చింది. ఈ చరిత్ర తెలియడం అవసరం. కానీ ప్రతీకగా చదివినప్పుడు నియంత చావుతో కథ ముగుస్తుంది. కూతురిగా చదివితే అక్కడ మొదలవుతుంది. పైగా నియంతని ఎదిరించినవాడే ఇంట్లో నియంత అన్న విషయం ఆ ప్రతీకలో సరిగా ఇమడదు. బయట ప్రజాస్వామికవాదిగా పేరున్న మగవాడి ఇంటిలోపలి సంగతి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మన ఉద్యమాలు ఎంత తడబడ్డాయో ఇక్కడి పాఠకులకి వివరించనక్కర్లేదు.

ఆఖరి భాగం పేరు 'మరో రకం మౌనం'. పుస్తకంలో చిన్న భాగం. తండ్రి చనిపోయి దాదాపు మూడేళ్ళయింది. జాజా ఇంకా జైల్లోనే ఉన్నాడు, కొద్దిరోజుల్లో విడుదల కావచ్చు. మేనత్త ఉద్యోగం పోగొట్టుకుని పిల్లలతో అమెరికా వెళ్ళిపోయింది. తల్లి చిక్కిపోయింది. ఒకప్పుడు దెబ్బలు తిన్న ప్రతిసారీ అద్దాల బీరువాలోని బొమ్మల్ని శ్రద్ధగా తుడిచిన మనిషి, ఇప్పుడు తన బట్టలు కూడా సరిగా చూసుకోదు. విషం కలిపింది తనేనని ఆమె అందరికీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. భర్త పోయిన బాధలో, కొడుకు జైలుకెళ్ళిన బాధలో మతి చలించి మాట్లాడుతోందన్నారు. ఒక స్త్రీ నేరం ఒప్పుకున్నా ఆమె మాటకి విలువ లేకపోవడాన్ని ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. మాట్లాడటమే పరిష్కారమనేవాళ్ళు బియాట్రిస్‌ని గుర్తుపెట్టుకోవాలి. మాట్లాడింది. వినేవాళ్ళు లేరు.

జాజా విషయం మనం మరింత ఆలోచించాలి. నేరం మీద వేసుకునేనాటికి అతనికి పదిహేడేళ్ళు. తల్లిని తను కాపాడుకోవాల్సిందన్న బాధ అతన్ని తినేస్తుంది. తనకన్నా చిన్నవాడైన మేనత్త కొడుకు ఒబియోరా తన తల్లికి ఆసరాగా ఉండడం చూసి సిగ్గుపడతాడు. బ్రిటిష్‌వాళ్ళని ఎదిరించి దేశాంతర శిక్షకి గురైన ఒపోబో రాజు జాజా కథని మేనత్త ఇంట్లోనే విన్నాడు. ఆ పేరుకి తగ్గట్టు ఉండాలనుకున్నాడేమో. కానీ మగపిల్లవాడు రక్షకుడిగా ఉండాలన్న నియమం కూడా పితృస్వామ్యం ఇచ్చిందే. ఆ నియమం ఈ పిల్లవాడి యవ్వనాన్ని జైలు గదిలో, పేలలో, పుండ్లలో కరిగించేసింది. ఇంట్లో హింస చూసి పెరిగిన మగపిల్లలు కొట్టేవాళ్ళుగానైనా మారతారు, కాపాడేవాళ్ళుగానైనా మారాలి అన్నట్టు మాట్లాడతాం. కేవలం గాయపడిన పిల్లవాడిగా ఉండే హక్కు వాళ్ళకి ఇవ్వం.

ఇక మిగిలింది కంబిలి. ఇప్పుడామె యుక్తవయస్సులోకి వచ్చింది. ఇంటి భారం ఆమెదే. జైలుకి భోజనం తీసుకెళ్ళడం, లాయర్లతో మాట్లాడటం, లంచాల కోసం చెక్కులు రాసి ఇవ్వడం, తల్లి ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో చూడటం. ఆమె దీన్ని త్యాగమని చెప్పదు, ఫిర్యాదూ చెయ్యదు. జైలు నుంచి తిరిగి వస్తూ, అన్న విడుదలయ్యాక ఏం చేద్దామో చెప్తుంది. ముందు న్సుకా వెళదాం, తర్వాత అమెరికాలో మేనత్తని చూద్దాం, సొంతూరు అబ్బాలో కమలా చెట్లు నాటుదాం, జాజా ఊదారంగు మందారాలు నాటుతాడు. చెబుతూ తల్లి భుజం చుట్టూ చెయ్యి వేస్తుంది.

ఊదా మందారం గురించి ఒక్క మాట. అది న్సుకా విశ్వవిద్యాలయంలో ప్రయోగంగా పుట్టిన మొక్క. మేనత్త పెరట్లో చూసి, జాజా దాని కొమ్మలు ఎనుగుకి తెచ్చి నాటాడు. మందారం అంటే ఎరుపే అనుకునే ఇంట్లోకి వేరే రంగు ఉంటుందని తెలియడం ఆ పిల్లలకి మొదటి విడుదల. దాన్ని స్వేచ్ఛకి చిహ్నంగా అందరూ రాశారు. నాకు ముఖ్యంగా కనిపించేది, ఆఖర్లో అది పూసిన పువ్వుగా లేదు, నాటాల్సిన మొక్కగా ఉంది. ఇంకా పని ఉంది. మొక్కై వంగనిది అనే సామెతలో మొక్కని వంచడం గురించే మాట్లాడతాం, వంగిపోయిన మొక్కకి మళ్ళీ నీళ్ళు పోసేదెవరో ఆ సామెత చెప్పదు.

నవలకి పరిమితులు లేవని కాదు. ఈ కుటుంబానికి డబ్బుంది. తండ్రి సంపాదించిన ఆ డబ్బే కూతురు చెక్కులుగా రాస్తోంది. హింసనుంచి బయటపడ్డ చాలామంది పిల్లలకి మర్నాటి బియ్యమే సమస్య. కోలుకోవడానికి న్సుకా లాంటి చోటూ, ఇఫియోమా లాంటి మేనత్తా అందరికీ దొరకరు. యువ పాదిరీ అమాదీ మీద కంబిలి పెంచుకున్న ప్రేమని నవల మృదువుగా చూపిస్తుంది గానీ, ఒక మగ అధికారి నీడలోంచి మరో మంచి మగవాడి వెలుగులోకి వెళ్ళడం తప్ప ఆమెకి దారి లేదా అన్న సందేహం మిగులుతుంది. అతను హద్దు దాటడు, నిజమే. అయినా పదిహేనేళ్ళ గాయపడిన పిల్లకీ, ఆమెకి ఆధ్యాత్మిక గురువైన పెద్దవాడికీ మధ్య ఆ దగ్గరితనాన్ని ఇవాళ మనం అంత నిశ్చింతగా చదవలేం. నా వరకు, ఆమెని నిజంగా నిలబెట్టింది అమాకా సూటిపోటి మాటలూ, తర్వాతి స్నేహమూ. సమవయస్కురాలైన ఒక ఆడపిల్లతో పోట్లాడి కలిసిపోవడం.

ఇదంతా మనకెందుకంటే, పేరులేని ఆ 'పిల్లలు' మన చట్టంలోనూ మన అలవాట్లలోనూ ఇంకా ఆ మూలే ఉన్నారు. మన దేశంలో గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. అది భార్యలకే పరిమితం కాదు. రక్తసంబంధంతో ఒకే ఇంట్లో ఉన్న ఏ స్త్రీకైనా, అంటే కూతురికి కూడా వర్తిస్తుంది. ఆచరణలో మాత్రం ఆ చట్టం గురించి మాట్లాడినప్పుడల్లా మన మనసులో మెదిలేది భార్యే. కూతురు 'కస్టడీ' అనే శీర్షిక కింద, ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నగా మిగులుతుంది. నైజీరియాలో బాలల హక్కుల చట్టం ఈ నవల వచ్చిన 2003లోనే వచ్చింది, వ్యక్తులపై హింసని నిషేధించే చట్టం 2015లో వచ్చింది. చట్టాలు తలుపు తెరవగలవు. తెరిచాక ఆ పిల్ల రాత్రిళ్ళు నిద్రపోతోందా, నాన్న ఫొటో దాచుకుని చూసుకుంటోందా, అమ్మ మీద కోపంగా ఉందా అన్నవి చట్టం అడగదు. సాహిత్యం అడగాలి, విమర్శ అడగాలి.

కంబిలి ప్రేమని ఒప్పుకుంటే హింసని క్షమించినట్టవుతుందన్న భయం మన స్నేహితురాళ్ళలో చాలామందికి ఉంది. 'ఎంతైనా కన్నతండ్రి' అనే మాటతో ఆడపిల్లల నోళ్ళు మూయించిన చరిత్ర మనకున్నందువల్ల ఆ భయం సహజం. కానీ ఆ మాట అనేవాళ్ళు చెయ్యమనేది వేరు. వాళ్ళు ఆమెని తిరిగి ఆ ఇంటికి వెళ్ళమంటారు, కేసు వెనక్కి తీసుకోమంటారు, జరిగింది మర్చిపొమ్మంటారు. కంబిలి ఏదీ మర్చిపోలేదు. నవలంతా ఆమె జ్ఞాపకమే. బెల్టునీ, నీళ్ళనీ, గర్భం పోయిన రోజు మెట్ల మీది రక్తాన్నీ ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది. చెప్పి, ఆయన కోసం ప్రార్థన కూడా చేస్తానంది. నిజం చెప్పడానికి ప్రేమని చంపుకోవాలనే నియమం ఆమె పెట్టుకోలేదు. మన ముందుకి వచ్చి మాట్లాడే ఆడపిల్లలకి మనమూ ఆ నియమం పెట్టకుండా ఉంటే, వాళ్ళు మనకి ఇంకా ఎక్కువే చెప్తారనుకుంటాను.

అన్నాచెల్లెళ్ళ మధ్య ఇంకా చెప్పుకోనివి చాలా ఉన్నాయనీ, కాలం గడిస్తే చెప్పుకోవచ్చు, ఎప్పటికీ చెప్పుకోలేకపోవచ్చు కూడా అనీ కంబిలి అనుకుంటుంది. పాత మౌనంలో ఊపిరి ఆడలేదు, ఈ మౌనంలో ఆడుతోంది. ఆ తేడా ఆమెకి తెలుసు. తరగతి గదిలో ఈ నవల చెప్పేటప్పుడు ఆఖరి పరీక్ష ప్రశ్నగా 'కంబిలి గొంతు ఎలా సంపాదించుకుంది' అని ఇవ్వడం మానేసి, 'తండ్రి పోయాక కంబిలి రోజూ ఏమేం పనులు చేస్తోంది' అని ఇచ్చి చూడమని తోటి అధ్యాపకులకి నా సూచన. ఆ జాబితా రాస్తూ రాస్తూ, తరగతిలో ఎక్కడో వెనక బెంచీలో కూర్చున్న ఒక పిల్ల తన పనుల జాబితా కూడా అదేనని గుర్తుపట్టే అవకాశం ఉంది.